ఆరో గది చిరునామా

ఆ బూట్లను తను తిప్పలేదే, తను తిప్పకపోతే ఇంకెవరు తిప్పినట్టు, పిల్లి తిప్పదు కదా, తిప్పినా రెంటినీ అంత వరసగా, మొనలు గుమ్మం వైపు ఉండేలా, బడిలో తప్పు చేసిన పిల్లల్ని గోడకేసి నిలబెట్టినట్టు నిలబెట్టదు కదా, అనుకుంటూ తక్ పల్‌బోక్ చేతిలో తడిగుడ్డతో వసారాలో ఆరో గది ముందు ఆగిపోయాడు, తొమ్మిదిన్నరైంది, బొగ్గుతుక్కు గుట్ట మీదికి ఎండ ఎక్కింది, మిగతా ఐదు గదుల ముందూ బూట్లు లేవు, అంటే ఆ ఐదుగురూ వీధి మలుపులో బస్సు కోసం చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంటారు, పావుతక్కువ పదికి బస్సు, పదింటికి కొండమీద జూదపు ఆటశాల తలుపులు తెరుస్తారు, బయటి ఊళ్లవాళ్లని నెలలో సగం రోజులే లోపలికి రానిస్తారు, ఇవాళ జున్‌గూని రానిచ్చే రోజే, రానిచ్చే రోజున జున్‌గూ ఆ బస్సు ఎక్కకపోవడమన్నది ఈ ఎనిమిది నెలల్లో జరగలేదు, జ్వరమొచ్చి ఒళ్లు పెనంలా కాలుతున్న రోజున కూడా దుప్పటి కప్పుకుని ఎక్కాడు, మరి బూట్లు ఇక్కడే ఉన్నాయేం, అదీ లోపలికి తిరిగి.

ఆ బూట్ల సంగతి వాళ్లిద్దరి మధ్యా రోజూ నడిచే ఆట, జున్‌గూ పడుకునే ముందు వాటిని కొండవైపుకి తిప్పి పెడతాడు, పొద్దున్నే దిగి కాళ్లు దూర్చి పరిగెత్తడానికీ, అదృష్టానికి దారి చూపడానికీ, అంటాడు, పల్‌బోక్ తెల్లారకుండానే లేచి వాటిని మళ్లీ గదివైపుకి తిప్పేస్తాడు, అది భార్య ఒక్‌బున్ నేర్పిపోయిన పని, గనిలోకి మొగుడు దిగిన పూట ఇంట్లో అతని జోళ్లు గదిలోకి చూస్తూ ఉండాలి, అప్పుడే మనిషి ఇంటిదారి మరిచిపోడు, అని ఈ ఊరి ఆడవాళ్లందరూ చేసేవాళ్లు, గనులు మూతపడ్డాక ఒక్‌బున్ ఈ ఆరు గదుల బస తెరిచింది, బసకొచ్చిన ముక్కూముఖం తెలియనివాళ్ల జోళ్లకూ అదే మర్యాద జరిపింది, ఒక్‌బున్ పోయి ఆరేళ్లయింది, తనకి వంట రాలేదు గానీ జోళ్లు తిప్పడం వచ్చింది, దాని గురించి జున్‌గూకి ఒక కథ కూడా చెప్పాడు, ఒకసారి మా ఆవిడ తిప్పడం మరిచిపోయిందోయ్, నేను ఇక్కడ గనిలో దిగి జపాన్‌లో తేలాను, సముద్రం ఈదుకుంటూ ఇంటికొచ్చేసరికి పులుసు చల్లారిపోయిందని తిట్లు కూడా నాకే, అంటే జున్‌గూ పడీపడీ నవ్వి, బాబాయ్ నువ్వు నా అదృష్టాన్ని రోజూ గదిలోకి తోసేస్తున్నావు, నేను ఓడితే ఆ పాపం నీదే, అనేవాడు, ఇవాళ తెల్లారుజామున మెలకువ రాలేదు, ఆలస్యంగా తను తిప్పడానికి వచ్చేసరికే బూట్లు తిరిగి ఉన్నాయి, బయటికి వెళ్లదలుచుకున్నవాడు వాటినలా పెట్టుకోడు, వెళ్లదలుచుకోనివాడే పెట్టుకుంటాడు, ఇక ఎక్కడికీ వెళ్లదలుచుకోనివాడు, ఛ, ఏం మాట అది, నోరు కడుక్కో ముసలోడా.

వింటే తెలుస్తుంది కదా, వినడానికి తలుపుకి చెవి ఆనించాడు, లోపల ఈల వేస్తున్నట్టు సన్నటి శబ్దం, అమ్మయ్య అనుకోబోయి అది తన రొమ్ములోంచే వస్తోందని తెలుసుకున్నాడు, ముప్ఫై ఏళ్ల బొగ్గుపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని పొద్దున పూట ఈలలు వేస్తుంది, డాక్టరుతో తను, అయ్యా నన్ను తిరగేసి దులిపితే మీ ఇంటికి ఒక చలికాలం పొయ్యి మండుతుంది, అని మేలమాడుతుంటాడు, ఇప్పుడు ఆ ఈల ఆపితే గానీ లోపలి ఊపిరి వినబడదు, ఆపాడు, ఒకటి రెండు మూడు, ఏడు దాకా వచ్చేసరికి ఊపిరి తన్నుకొచ్చేసింది, ఏడు అంకెలు లెక్కించేంత సేపటి నిశ్శబ్దం మాత్రమే తనకి దక్కుతుంది, దాంట్లో ఏముంటుంది, మళ్లీ ఆపాడు, మళ్లీ ఏడు, లోపల ఏమీ లేదు, దగ్గు లేదు, గొంతు సవరించుకోవడం లేదు, జున్‌గూ బాయిలర్లు బాగుచేసే మనిషి, గున్‌సాన్‌లో ముప్ఫై ఇళ్ల నేలల్ని వెచ్చగా ఉంచినవాణ్ని బాబాయ్ అని చెప్పుకునేవాడు, ఊరికే ఉండలేడు, లేవగానే నేల మీద అరచేత్తో తట్టి వేడి ఎక్కడిదాకా పాకిందో చూసుకుంటాడు, ఆ తట్టుడు కూడా లేదు, నిద్రపోతున్నాడేమో, మనిషన్నాక నిద్రపోడా, ఏభైకి దగ్గరపడ్డవాడు ఒకరోజు మత్తుగా నిద్రపోతే ఇంత గోలెందుకు, మూడో గదప్పుడూ ఇలాగే అనుకున్నాడు కదూ, నిద్రపోతున్నాడులే అనుకుని తిరిగి వెళ్లి ముల్లంగి తరుక్కున్నాడు, సగం బకెట్టు ముల్లంగి తరిగాక గానీ తలుపు తీయలేదు, వద్దు, మూడో గది వద్దు.

ఆ ఆరోగ్యకేంద్రం పిల్ల రాకపోయి ఉంటే ఇదంతా బుర్రలోకి వచ్చేది కాదు, హేరిమ్ అని మొన్న వచ్చింది, చంకలో కాగితాల సంచీ, ముక్కు చలికి ఎర్రబడి ఉంది, బార్లీ నీళ్లు కాచి ఇస్తే రెండు చేతులతో పట్టుకుని, తాతగారూ ఒక్క సంగతి చెప్పండి, ఈ ఊళ్లో ప్రాణం తీసుకున్నవాళ్లు ముందటేడు పదకొండుమంది, నిరుడు నలుగురే, కొండకి అవతలి ఊళ్లో తగ్గలేదు, జిల్లాలో ఇంకెక్కడా తగ్గలేదు, మీ ఒక్క ఊళ్లోనే తగ్గింది, ఏం చేశారు మీరు, ఎవరో ఏదో మంచి పని చేసే ఉంటారు, అదేంటో తెలిస్తే మిగతా ఊళ్లకీ చెబుతాం, అంది, కళ్లు ఎంత వెలుగుతున్నాయో ఆ పిల్లకి, ఎక్కడో దాచిన లంకెబిందెల సంగతి అడుగుతున్నట్టు, తనేమో గంభీరంగా మొహం పెట్టి, సోయా పులుసమ్మాయ్, మా ఊరి పులుసు తాగినవాడు చద్దామన్నా చావలేడు, మరునాడు మళ్లీ పులుసు కోసమైనా బతకాలి, అన్నాడు, ఆ పిల్ల నవ్వుతూనే, వేడి భోజనం, అని కాగితం మీద రాసుకుంది, రాసుకుంది, తను చూశాడు, ఆ రెండు మాటలూ ఆ కాగితం మీద ఎక్కడికో వెళ్తాయి, ఎవరో పెద్దవాళ్లు చదువుతారు, ఏవో ఊళ్లలో పులుసు కాస్తారు, ఆ పిల్ల వెళ్లాక తనకి నవ్వు రాలేదు, ఎందుకు రాలేదో అప్పుడు ఆలోచించలేదు, ఎందుకు తగ్గిందో తనకి తెలుసు కాబట్టి, ఎదురు బస గిహోకి తెలుసు, బసలవాళ్లందరికీ తెలుసు, పంది మాంసం కాలుతుండగా చేతులెత్తి ఒప్పుకున్న సంగతి.

ముందటేడు చలికాలం, మేంగ్ గిహో బసలవాళ్లందర్నీ విందుకి పిలిచాడు, గనిలో పదిహేనేళ్లు తనతో ఒకే దీపం కింద తవ్వినవాడు, ఇప్పుడు ఎదురు వరసలో నాలుగంతస్తుల బస వాడిది, బసల సంఘానికి అధ్యక్షుడు, పత్రికలో ఈ ఊరి పేరు వేశారు, చావుల లెక్కలో ముందుందని, గిరాకీ పడిపోయింది, పెళ్లాం పిల్లల్తో మంచు మీద జారడానికి వచ్చేవాళ్లు పక్క కొండకి పోతున్నారు, అప్పుడు గిహో లేచి పెదాల మీది కొవ్వు తుడుచుకుని, ఒక కిటుకు చెబుతా వినండర్రా, పోయినవాణ్ని శవం దొరికిన ఊళ్లో రాయరు, చిరునామా ఉన్న ఊళ్లో రాస్తారు, బుసాన్ వాడు మన గదిలో పోతే బుసాన్ లెక్క, వాడే మన బసకి చిరునామా మార్చుకుని పోతే మన లెక్క, మరి మన బసల్లో పేర్లు రాయించుకోనిచ్చింది ఎవరు, మనమే, ఇంటిపెద్దగా ముద్ర కొట్టిచ్చింది ఎవరు, మనమే, ఇకనుంచి ఎవడొచ్చి కాళ్లు పట్టుకున్నా ముద్ర కొట్టొద్దు, అంతే, ఏడాది తిరిగేసరికి చూడండి, అన్నాడు, అందరూ చేతులెత్తారు, తనూ ఎత్తాడు, ఎత్తడమే కాదు, నా చిరునామా కూడా చందమామ మీదికి మార్పించండర్రా, నేను పోతే వాళ్ల లెక్కలో పోతాను, అని అందర్నీ నవ్వించాడు, బియ్యపుకల్లు ఇంకో కుండ తెప్పించారు ఆ నవ్వు మీద.

నిరుడు వసంతంలో మూడో గది మనిషి ముద్ర అడిగాడు, ఉల్సాన్‌లో పడవలకి రంగులు అమ్మేవాడు, పేరు కూడా నోటికి రావడం లేదు, అంత మర్యాదగా అడిగాడు, తనూ మర్యాదగానే, మా సంఘం ఒప్పుకోదయ్యా, అన్నాడు, పది రోజులకి సగం బకెట్టు ముల్లంగి తరిగి వెళ్లి తలుపు తీశాడు, ఆ తర్వాత పోలీసులొచ్చి కార్డు చూసి చిరునామా ఉల్సాన్ అని పైకి చదివినప్పుడు తన గుండెలో ఏదో దిగింది, బరువు దిగింది, దాన్ని ఏమంటారు, ఊరట అంటారు, చచ్చినవాడి కాళ్ల దగ్గర నిలబడి ఊరటపడ్డాడు తను, ఈ మాట ఒక్‌బున్ ఉండి ఉంటే ఆమెకీ చెప్పేవాడు కాదు, ఇంకెవరికీ చెప్పలేదు, తనకి కూడా ఇప్పుడే చెప్పుకుంటున్నాడు, ఈ తలుపు ముందు.

నిన్న జున్‌గూ అడిగాడు.

అది రావద్దనుకున్న ఆలోచన, వచ్చేసింది, నిన్న పొద్దున కొండమీది ఆకుకూర వేసి వండిన అన్నం కలుపుకుంటూ తలెత్తకుండా, బాబాయ్, మీ ముద్ర ఒకటి కావాలి, మీ ఇంట్లో మనిషిగా నా పేరు రాయించుకుందామని, ఊరి కచేరీలో ఫారం తెచ్చుకున్నా, అన్నాడు, తనకి గిహో మొహం గుర్తొచ్చింది, పందిమాంసం పొగ గుర్తొచ్చింది, కుదరదని చెప్పడానికి మొహమాటమేసింది, మొహమాటమేసినప్పుడు తనకి కథలొస్తాయి, ముద్రా, అది ఎప్పుడో గనిలో ఎలుక మింగేసిందోయ్, ఆ ఎలుక ఇప్పుడు ఊళ్లో పెద్దమనిషైంది, కాగితాలన్నిటి మీదా అదే తోకతో ముద్ర వేస్తోంది, వెళ్లి దాన్నే అడుగు, అన్నాడు, జున్‌గూ నవ్వాడు, ఆ కథకి అంత నవ్వు అక్కర్లేదు, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు, సరే బాబాయ్ ఎలుకనే అడుగుతాలే అన్నాడు, తర్వాత గిన్నె తీసుకెళ్లి తనే కడిగి బోర్లించాడు, ఎనిమిది నెలల్లో ఒక్క చెంచా కడగనివాడు, తను ఆ బోర్లించిన గిన్నెని చూసి కూడా, బుద్ధొచ్చింది కుర్రాడికి అనుకుని పొగ తాగడానికి పోయాడు, ఓరి దేవుడా, ఏమైనా అయితే మాత్రం వాడు చివరగా విన్న మాట ఎలుక తోకా.

కాళ్లు తలుపు దగ్గర ఆగలేదు, వీధిలోకి వచ్చేశాయి, తను రమ్మన్నాడా వాటిని, ఎవరైనా కనబడితే బావుండు, ఇద్దరుంటే తలుపు తీయొచ్చు, ఎదురుగా గిహో చీపురుతో తన మెట్లు ఊడుస్తున్నాడు, ఏరా పల్‌బోక్, పాలిపోయావేం, పులుసు మాడబెట్టావా, అన్నాడు, జున్‌గూ లేవలేదురా, అన్నాడు తను, ఏ జున్‌గూ, ఆరో గది బాయిలర్ వాడు, బూట్లు ఇక్కడే ఉన్నాయి, చప్పుడు లేదు, ఒక్కడినే తలుపు తీయలేను, నువ్వు రారా, అంటే గిహో చీపురు ఆపాడు, మొహంలో నవ్వు దిగిపోయింది, వాడికీ భయం తెలుసు, నాలుగంతస్తుల బస కదా, ఎన్ని తలుపులు తీసి ఉంటాడు, దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, నువ్వు ముట్టుకోకు, పోలీసుల్ని పిలువు, వాళ్లే తీసుకుంటారు, అన్నాడు, ఈలోపు ఊపిరుంటే, అన్నాడు తను, ఉంటే తలుపు వాడే తీసుకుంటాడు కదరా పిచ్చోడా, అని గిహో భుజం మీద చెయ్యి వేసి, ఇంతకీ వాడికి ముద్ర కొట్టిచ్చావా, అని అడిగాడు, లేదు, అంటే, నిజం చెప్పు, నీ జాలి గుండె నాకు తెలుసు, లేదురా లేదు, అడిగితే ఎలుక కథ చెప్పి పంపేశాను, అన్నాడు, గిహో మొహం తేటపడింది, ఒక్క క్షణంలో, కళ్లముందే, మరింకేం, వాడు గున్‌సాన్ వాడే, మనకేం భయం, అన్నాడు.

మనకేం భయం, ఆ మాట విన్నాక తనకి పుట్టిన భయం గనిలో పైకప్పు దుంగలు కిర్రుమన్నప్పుడు కూడా పుట్టలేదు, ఎందుకంటే గిహో మొహంలో ఇప్పుడు చూసింది తనకి తెలుసు, దాన్ని లోపల్నుంచి తెలుసు, ఉల్సాన్ అని పోలీసు చదివినప్పుడు తన మొహం కూడా బయటికి ఇలాగే ఉండి ఉంటుంది, గిహో చెడ్డవాడు కాదు, గని కూలినప్పుడు తన కాలర్ పట్టుకుని నలభై గజాలు ఈడ్చుకొచ్చినవాడు, తన ఊపిరి కోసం ప్రాణం పెట్టినవాడు, అలాంటివాడు ఇప్పుడు చీపురు పట్టుకుని గున్‌సాన్ వాడే కదా అంటున్నాడు, అలాంటివాడు ఇలా ఎప్పుడయ్యాడు, తనెప్పుడయ్యాడు, మలుపులో బస్సు హారన్ వినబడింది, తలుపులు మూసుకున్న చప్పుడు, కొండ ఎక్కుతున్న మోత, మోత తగ్గి తగ్గి పోయింది, జున్‌గూ లేకుండా బస్సు వెళ్లిపోయింది, పల్‌బోక్ వెనక్కి తిరిగి నడిచాడు, పరిగెత్తాలనుకున్నాడు గానీ రొమ్ము ఒప్పుకోలేదు, ఈల పెద్దదైంది, వెనక గిహో, ఒరేయ్ ముట్టుకోకురా, తర్వాత సంతకాలు నీ మీదికొస్తాయి, అని అరుస్తున్నాడు.

తలుపు, బూట్లు, మొనలు లోపలికి, చెయ్యి ఎత్తాడు, చెయ్యి గాలిలోనే ఉంది, కొట్టకపోతే లోపల మనిషి ఇంకా ఉన్నట్టే కదా, కొట్టేదాకా ఉన్నట్టే, మూడో గదిలో కూడా సగం బకెట్టు ముల్లంగి తరిగినంతసేపూ ఉన్నట్టే ఉన్నాడు, ఆ సగం బకెట్టులో ఏ ముక్క దగ్గరో పోయాడేమో, అది ఎవరు చెబుతారు, కొట్టు, కొట్టరా ముసలోడా, కొట్టాడు, చేత్తో కాదు, నుదుటితో, ఎలా కొట్టాడో తెలియదు, తల ఆనించబోతే తగిలింది, జున్‌గూ, జున్‌గూ, నేనురా, తలుపు తియ్, అంటున్నాడు, గొంతులోంచి మాటలకన్నా ఈలే ఎక్కువ వస్తోంది, ఏడు లెక్కపెట్టే ఓపిక కూడా లేదు, లోపల నేల మీద ఏదో కదిలింది, ఆ తర్వాత గొంతు, బొంగురుగా, ఎక్కడో అడుగునుంచి వస్తున్నట్టు, బస్సు వెళ్లిపోయిందా బాబాయ్.

వెళ్లిపోయిందిరా, అన్నాడు పల్‌బోక్, అని కింద కూలబడిపోయాడు, బూట్ల పక్కనే, బూట్ల మీదే కూర్చున్నాడో ఏమో, తలుపు సందు తెరుచుకుంది, జున్‌గూ మోకాళ్ల మీద ఉన్నాడు, గడ్డం పెరిగి, కళ్ల కింద నల్లగా, ఒంటి మీద కోటు, కోటు గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు, బయలుదేరబోయి ఆగిపోయినవాడిలా, నిజంగా వెళ్లిపోయిందా, ఇంకోటి ఎప్పుడు, గంట తర్వాత, గంట ఆగగలనంటావా, అని అడుగుతున్నాడు, తనని అడుగుతున్నాడా, తనేం చెప్పాలి, బూట్లు ఎవరు తిప్పార్రా అన్నాడు, నేనే, అన్నాడు జున్‌గూ, నువ్వు తిప్పితే పనిచేయట్లేదు కదా, నేనే తిప్పుకుంటే లోపలే ఉంటానేమోనని, తలుపు గడియ పెట్టుకుని ఆ గుబ్బ పట్టుకుని కూర్చున్నా, తలుపు బయట నీ ఈల వినబడినా పలకలేదు, పలికితే లేస్తాను, లేస్తే పోతాను, అన్నాడు.

చచ్చిపోదామనుకున్నావా, అని అడిగేశాడు పల్‌బోక్, ఇంత వయసొచ్చినా ఆ మాట ఎవర్నీ అలా మొహం మీద అడగలేదు, మూడో గదివాణ్ని అడగలేదు, అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని భయపడేవాడు, జున్‌గూ మొహంలో కోపం రాలేదు, ఎవరో భుజం మీది మూటకి ఒక కొస పట్టుకున్నట్టు మొహం సడలింది, అనుకున్నా బాబాయ్, నిన్న నువ్వు ఎలుక అన్నాక అనుకున్నా, అన్నాడు, తనకి కథ రాలేదు, మొదటిసారి ఒక్క కథ కూడా రాలేదు, అసలు ముద్ర నీకెందుకురా, ఊరివాళ్లకిచ్చే బొగ్గు చీటీల కోసమా, అని అడిగితే జున్‌గూ తనని వింతగా చూశాడు, పక్కింట్లో కాలుతుంటే వాసన రాలేదా అన్నట్టు చూశాడు, ఊరివాళ్లని నెలకి ఒక్కరోజే కదా లోపలికి రానిచ్చేది, అన్నాడు, నీ బసకి రాకముందు నన్ను రానివ్వొద్దని ఆటశాలవాళ్లకి నేనే రెండుసార్లు రాసిచ్చా, గడువు తీరగానే నేనే పోయి ఆ కాగితం కొట్టేయించా, ఇప్పుడు ఈ ఊరివాణ్నైపోతే ముప్ఫై రోజుల్లో ఇరవైతొమ్మిది రోజులు ఆ తలుపు నాకు ఉండదు, తిరిగి వేరే ఊరివాణ్ని కావాలంటే ఏదో ఒక ఇంటివాళ్లు ఒప్పుకోవాలి, మా అక్క నెలాఖరుకి తన ఇంట్లోంచి నా పేరు తీయించేస్తానంది, అంటే నన్ను ఇక్కణ్నుంచి పట్టుకుపోయేవాళ్లెవరూ లేరు, అదే నాకు మంచిది, తాళం నా చేతిలో ఉండకూడదు బాబాయ్, నా చేతులు నాకు తెలుసు.

నెలకి ఒక్కరోజు, ఆ నియమం తనకి తెలియకపోవడమేంటి, ఊపిరి పీల్చడం తెలియకపోవడం లాంటిది, ఆటశాల కడుతున్న రోజుల్లో ఒక్‌బున్, ఇంకా గనివాళ్ల పెళ్లాలు, కచేరీ ముందు వానలో పదకొండు రోజులు కూర్చున్నారు, మా మగవాళ్లు గనిలో బతికి బయటపడ్డారు, ఈ కొత్త గనిలో పోనివ్వం, అని కూర్చుని ఆ నియమం సాధించుకొచ్చారు, తను అప్పుడు ఒక్‌బున్‌ని ఎగతాళి చేశాడు, నా కాళ్లకి పలుపుతాడు కడుతున్నావా అని, ఆ తాడు లేకపోతే తను ఏ గదిలో తేలేవాడో, అదేమీ తెలియకుండానే ఇరవయ్యేళ్లు దాని నీడలో కూర్చుని కథలు చెప్పుకున్నాడు, మూడో గదివాడు అడిగింది అదే, ఆ నీడలో తనకీ కాస్త చోటు, పేరు గుర్తురాని ఆ ఉల్సాన్ మనిషి అంత మర్యాదగా అడిగింది ఒక్‌బున్ వానలో కూర్చుని తెచ్చినదాంట్లో ఒక ముక్క, తను సంఘం పేరు చెప్పి పంపేశాడు, గిహో దగ్గరికి ఎంతమంది వెళ్లారో, వీధి చివరి బసకి ఎంతమందో, పదకొండు నుంచి నాలుగు, మిగతా ఏడుగురూ ఎక్కడ, ఆ పిల్ల అడిగింది కదా, మీరేం మంచి చేశారని, బతికి ఉన్నారా ఆ ఏడుగురూ, పోయి ఉంటే ఏ ఊరి కాగితం మీద ఉన్నారు, ఉల్సాన్ వాళ్లు, గున్‌సాన్ వాళ్లు, తమ ఊళ్లో చావులెందుకు పెరిగాయో తెలియక ఏ ఆరోగ్యకేంద్రం పిల్లనో ఎవరి గుమ్మం ముందుకో పంపుతూ ఉంటారు, ఇక్కడ మాత్రం వేడి భోజనం.

లే, అన్నాడు జున్‌గూతో, ఎక్కడికి, కచేరీకి, ముద్ర ఎలుక మింగిందన్నావు, కక్కిందిలే, అన్నాడు, నవ్వులేదు మాటలో, ముద్ర డబ్బా సూదులూ దారాల పెట్టెలో ఎప్పుడూ ఉన్నచోటే ఉంది, ఇద్దరూ వీధిలోకి దిగారు, జున్‌గూ కొండవైపు చూడకుండా ముసలాయన నడుముకేసి చూస్తూ నడుస్తున్నాడు, తను వాడి చెయ్యి పట్టుకున్నాడు, పట్టుకున్నది ఆసరా కోసమా, పారిపోతాడనా, అడిగితే చెప్పలేడు, గిహో మెట్ల మీదనుంచి ఇద్దర్నీ చూశాడు, చీపురు చేతిలోనే ఉంది, ఎక్కడికిరా అని అడగలేదు, దారి ఎటుపోతుందో వాడికి తెలుసు, రేపు సంఘంలో పిలుస్తాడు, తిడతాడు, లేదా తిట్టడు, ఆ మొహంలో మళ్లీ ఆ తేటదనం మాత్రం లేదు, కచేరీలో గుమాస్తా అమ్మాయి ఫారం తిప్పి చూసి, ఈయన మీకేమవుతారండీ, అంది, తనకి నోటిదాకా ఏదో మేలమొచ్చి ఆగిపోయింది, ఏమీ కాడమ్మా, మా ఇంట్లో ఉంటాడు, అన్నాడు, అయితే తోటి నివాసి అని రాయండి, ఇంటిపెద్ద అని ఉన్నచోట ముద్ర కొట్టండి, అంది, కిటికీలోంచి కొండమీద ఆటశాల అద్దాలు ఎండలో మెరుస్తున్నాయి, పదిన్నర కావస్తోంది, ఇంకో పావుగంటలో ఇంకో బస్సు, జున్‌గూ మోకాలు బల్ల కింద ఆడుతోంది, ఆగడం లేదు.

ముద్ర కొడితే ఏమవుతుంది, వీడు బాగైపోతాడా, ఎవరు చెప్పారు, నెలకి ఆ ఒక్కరోజు ఉంది, ఇంకెక్కడో దొంగ జూదశాలలున్నాయి, ఎండాకాలమో చలికాలమో ఒక పొద్దున మళ్లీ చప్పుడు లేకపోవచ్చు, అప్పుడు పోలీసు కార్డు చూసి చదివేది తన ఇంటి చిరునామా, ఊరి లెక్కలో ఒకటి పెరుగుతుంది, గిహో చెప్పినట్టు సంతకాలన్నీ తన మీదికే వస్తాయి, ఇక్కణ్నుంచి తిన్నగా హేరిమ్ దగ్గరికి తీసుకుపోవాలి వీణ్ని, ఆ పిల్లకి పులుసు మాట కొట్టేయమని చెప్పాలి, ఏడుగురి సంగతి చెప్పాలి, చేతులెత్తినవాళ్లలో తనూ ఉన్నానని చెప్పాలి, అది చెప్పాలంటే కూడా భయమే, ముద్రకి ఎర్రసిరా అద్దుకున్నాడు, మొదటిసారి గీత పక్కన పడింది, గుమాస్తా అమ్మాయి ఫర్వాలేదు తాతగారూ మళ్లీ కొట్టండి అంది, రెండోసారి రెండు చేతులతో పట్టి అదిమాడు, తక్ పల్‌బోక్, పేరు ఎర్రగా పడింది, భయం పోతుందేమోననుకున్నాడు, పోలేదు, తలుపు ముందు ఎంతుందో అంతే ఉంది, ఈ రెండేళ్లూ ఊరంతా కలిసి చేతులెత్తి చేసిన పని ఇదేనన్నమాట, ఈ భయాన్ని ఉల్సాన్‌కీ బుసాన్‌కీ పంపేయడం, పంపేశాక ఊళ్లో ఎవరికీ ఎవరి తలుపు గురించీ భయం లేకుండా పోయింది, ఎవడైనా బతకడానికి ఇంకొకడు వాడి గురించి ఇంత భయపడాలి కాబోలు, ఒక్‌బున్ భయపడింది కాబట్టే వానలో కూర్చుంది, ఇప్పుడిది తన ఇంటి భయం, రేపు పొద్దున కూడా ఉంటుంది, ఎల్లుండి కూడా ఉంటుంది, దీన్ని పంపడానికి ఇక వేరే ఊరు లేదు.